భూమి తీసుకొనువారి సంఘము - భూమి ఇచ్చువారి సభ

గ్రామమునకు రోడ్డు రావలెను, కాలువ రావలెను, విద్యుత్తు ఉపకేంద్రము రావలెను. ఇవి అన్నియు మనము కోరుకొనునవే. కాని వీనిలో ప్రతిదానికిని భూమి కావలెను. ఆ భూమి ఎవరో ఒక రైతుది. ప్రజోపయోగమునకై రైతు భూమిని పరిహారమిచ్చి చట్టప్రకారము ప్రభుత్వము తీసుకొనుటయే భూసేకరణము.

ఈ కార్యమున రెండు పక్షములు కలవు. తీసుకొను పక్షముననున్న అధికారి తన ఉద్యోగకాలములో ఇట్టి సేకరణలను ఎన్నిటినో చూచును. ఇచ్చు పక్షముననున్న రైతు సాధారణముగా తన జీవితములో ఒక్కమారే చూచును. ఒకరికి అది నిత్యము చేయు పని. వేరొకరికి తాతలనాటి పొలము. తెలిసినవానికిని తెలియనివానికిని నడుమ జరుగు బేరములో నష్టపడువాడెవడో చెప్పనక్కరలేదు. ఈ అంతరమును తగ్గించుటకు పంచాయతీ సభ్యులు చేయగలిగినదేమి అను విషయమును ఈ పాఠములో పరిశీలింతము.

తీసుకొనువారు సంఘముగా ఏర్పడిన విధము

భూసేకరణము కూడ నేర్చుకొనదగిన ఒక వృత్తియని మొదట గుర్తించినవారిలో అమెరికావారిని పేర్కొనవచ్చును. రహదారులకు, విద్యుత్తు తీగలకు, నీటి గొట్టములకు భూమి సంపాదించు ఉద్యోగులు కొందరు 1934లో లాస్ ఏంజెలిస్ నగరమున ఒక సంఘముగా ఏర్పడిరి. కాలక్రమమున అది పెరిగి 'అంతర్జాతీయ రైట్ ఆఫ్ వే సంఘము' అను పేరు వహించినది. రైట్ ఆఫ్ వే అనగా దారి హక్కు. మార్గము గాని, తీగ గాని, గొట్టము గాని ఒకరి భూమిగుండ పోవుటకు కావలసిన హక్కు.

ఈ సంఘమునకు ప్రాంతములవారీగా శాఖలున్నవి. కెనడా దేశములో కూడ శాఖలు కలవు. యజమానులతో సంప్రదించి ధర కుదుర్చువారు, భూమి విలువ కట్టువారు, సర్వేయర్లు, ఇంజనీర్లు, న్యాయవాదులు, ఇల్లు వదలవలసిన కుటుంబములకు మరొక వసతి చూపువారు - వీరందరు ఒకే శాఖలో సభ్యులుగా నుందురు. శాఖ సమావేశములలో తమ అనుభవములను చెప్పుకొందురు. సంఘము తరగతులు నడుపును. తగిన అనుభవము గడించి పరీక్షలలో నెగ్గినవారికి యోగ్యతా పత్రము లిచ్చును. సభ్యులు పాటింపవలసిన నీతి నియమములు కూడ కలవు.

అయితే సంఘములు, తరగతులు ఉన్నంతమాత్రమున భూమి కోల్పోవువానికి న్యాయము దానంతట అదే జరుగదు. 1956లో అమెరికా ప్రభుత్వము దేశమంతట పెద్ద రహదారులు వేయుటకు శాసనము చేసినది. ఆ రహదారులు నగరముల నడుమనుండి పోవుటచే వేలకొలది కుటుంబములు ఇండ్లు కోల్పోయినవి. వారి మొర ఫలితముగా 1970లో ఒక శాసనము వచ్చినది. కేంద్ర ప్రభుత్వ ధనముతో జరుగు పనులకు అది వర్తించును. విలువ కట్టువాడు భూమిని చూడవచ్చినపుడు యజమాని అతని వెంట తిరుగుటకు అవకాశ మీయవలెనని ఆ శాసనము చెప్పినది. న్యాయమని నిర్ణయించిన మొత్తమును వ్రాతమూలముగా తెలుపవలెను. అది ఆమోదము పొందిన విలువకు తగ్గరాదు. ఇల్లు వదలుటకు కనీసము 90 దినముల ముందు వ్రాతపూర్వకముగా నోటీసు ఈయవలెను.

దీనినుండి మనము గ్రహింపవలసిన దొక్కటే. తీసుకొనువారికి విద్య ఉండవలెను. ఇచ్చువారికి చట్టము ఉండవలెను. అంతతో కూడ సరిపోదు. ఆ చట్టము తెలిసిన మనుష్యులు ఇచ్చువారి పక్షమున ఉండవలెను. మన గ్రామములలో ఒంటరి రైతు ప్రతి చట్టమును నేర్చుకొనజాలడు. కాని ఊరికి గ్రామసభ ఉన్నది, పంచాయతీ ఉన్నది. ఇచ్చువారి సంఘము అదియే.

మన చట్టము

మన దేశమున 1894 నాటి భూసేకరణ చట్టము నూరేండ్లకు పైగా అమలులో నుండెను. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాటికిని ఆంధ్ర ప్రాంతమున అదే చట్టము. శ్రీశైలము జలాశయము క్రింద గ్రామములు మునిగిన నాటికిని అదే చట్టము. ఆ చట్టము భూమికి ధర కట్టెను గాని, ఊరు వదలినవాడు మరల ఎట్లు బ్రతుకవలెనని విచారింపలేదు. కూలివానిని లెక్కకు తీసికొనలేదు.

2013లో పార్లమెంటు చేసిన క్రొత్త చట్టము 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. న్యాయమైన పరిహారము, పారదర్శకత, పునరావాసము అను మాటలు దాని పేరులోనే కలవు. ఈ చట్టములో పంచాయతీకి, గ్రామసభకు చోటిచ్చిన ఘట్టములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది, సామాజిక ప్రభావ అంచనా. భూమి తీసుకొనుటకు ముందే, దానివలన ఎన్ని కుటుంబములకు ఎట్టి నష్టము కలుగునో పంచాయతీని సంప్రదించి అంచనా వేయవలెను. ఆ అంచనాపై గ్రామమున బహిరంగ విచారణ జరుపవలెను. నివేదికను పరిశీలించు నిపుణుల బృందములో పంచాయతీ లేక గ్రామసభ ప్రతినిధులు ఇద్దరు ఉండవలెను. అయితే తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2018లోను ప్రకటించిన సవరణ చట్టములవలన, కొన్ని తరగతుల పనులను ఈ అంచనానుండి ప్రభుత్వము మినహాయింపవచ్చును. కాబట్టి పని గ్రామమునకు రాగానే సభ్యులు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: 'అంచనా జరుగునా, మినహాయింపు ఇచ్చినారా? ఇచ్చినచో ఆ ఉత్తర్వు ఏది?'

రెండవది, ప్రాథమిక ప్రకటన. దానిని గెజిట్టులోను, వార్తాపత్రికలలోను ప్రచురించుటయే గాక, తెలుగున పంచాయతీ కార్యాలయములో ఉంచవలెను. దానికొరకే ప్రత్యేకముగా గ్రామసభను సమావేశపరచి అందలి విషయములను తెలుపవలెను. ఆక్షేపణ చెప్పదలచినవారు 60 దినములలో కలెక్టరుకు వ్రాతమూలముగా తెలుపవచ్చును. జాతీయ రహదారులకు 1956 నాటి వేరు చట్టము కలదు. దాని క్రింద ఆక్షేపణకు గడువు 21 దినములే. ఏ చట్టము క్రింద నోటీసు వచ్చినదో చూడక ఊరకున్నవారు గడువు దాటిన పిమ్మట చింతించి ప్రయోజనము లేదు.

మూడవది, పునరావాస పథకము. నష్టపోవు కుటుంబముల జాబితా వ్రాసి, పథకపు ముసాయిదాను గ్రామసభలో చర్చకు పెట్టవలెను. జాబితాలో లేని పేరును చేర్పించుటకు తగిన సమయమిదియే.

నాలుగవది, షెడ్యూలు ప్రాంతములకు సంబంధించినది. అచ్చట భూసేకరణకు గ్రామసభయొక్క ముందస్తు సమ్మతి అవసరమని చట్టము చెప్పుచున్నది.

ధర కట్టు విధము

రైతు ముఖ్యముగా తెలిసికొనగోరునది ధర. రిజిస్ట్రేషను శాఖ పుస్తకములోని విలువ ఒక లెక్క. చుట్టుప్రక్కల అటువంటి భూములకే గత మూడేండ్లలో జరిగిన అమ్మకపు దస్తావేజుల సగటు రెండవ లెక్క. వీనిలో ఏది హెచ్చయిన దానినే మార్కెట్ విలువగా గ్రహింతురు. దస్తావేజులన్నిటి సగటు గాదు. హెచ్చు ధర వ్రాసిన సగము దస్తావేజుల సగటు. ఈ విలువను గ్రామ ప్రాంతములలో, రాష్ట్ర ప్రభుత్వము 1 కి 2 కి నడుమ నిర్ణయించిన గుణకముతో హెచ్చింతురు. చెట్లు, బావి, కట్టడముల విలువను కలుపుదురు. వచ్చిన మొత్తమునకు సమానమైన మరొక మొత్తమును సాంత్వన పరిహారముగా చేర్తురు. ఇవిగాక మార్కెట్ విలువపై సాలుకు నూటికి 12 వంతున అదనపు మొత్తము కూడ కలదు.

ఇచ్చట మన గ్రామములలోని ఒక పాత అలవాటును గూర్చి నిష్కర్షగా చెప్పవలసియున్నది. ఉదాహరణ చూతము. ఒక ఊరిలో మూడేండ్లలో ఆరు అమ్మకములు జరిగినవనుకొందము. ఎకరము ధరలు వరుసగా 6, 6, 7, 8, 9, 10 లక్షలు. హెచ్చు ధర గల మూడింటి సగటు 9 లక్షలు. కాని ఆ చివరి ముగ్గురు స్టాంపు సుంకము మిగుల్చుకొనదలచి దస్తావేజులో అయిదేసి లక్షలే వ్రాయించిరనుకొందము. అప్పుడు కాగితముపై ధరలు 5, 5, 5, 6, 6, 7. పై మూడింటి సగటు 6 లక్షల 33 వేలు. పుస్తకపు విలువ ఇంకను తక్కువయని, గుణకము 1.25 అని అనుకొన్నచో, మొదటి లెక్కకు పరిహారము 22 లక్షల 50 వేలు. రెండవ లెక్కకు 15 లక్షల 83 వేలు. ఎకరమునకు ఆరున్నర లక్షలకు మించిన నష్టము! ముగ్గురు మిగుల్చుకొన్న సుంకమునకు ఊరంతయు పన్ను కట్టినట్లయినది. దస్తావేజులో నిజమైన ధర వ్రాయించుట ధర్మము మాత్రమే కాదు, ఊరికి రక్షణ కూడ.

అవార్డు మొత్తము చాలదని తోచినవాడు, దానిని అంగీకరింపకయుండిన యెడల, తన తగవును భూసేకరణ ప్రాధికార సంస్థకు నివేదింపుమని కలెక్టరుకు దరఖాస్తు పెట్టవచ్చును. అవార్డు ప్రకటించునపుడు హాజరై యున్నవానికి గడువు ఆరు వారములు. ఒప్పంద పత్రముపై సంతకము చేయుటకు ముందు దానిని తెలిసినవారిచే చదివించుకొనవలెను. సంతకము చేసిన పిమ్మట అడుగదగిన దేమియు మిగులకపోవచ్చును.

భూమి లేనివారి మాట

పొలము పోయిన రైతుకు పరిహారము వచ్చును. ఆ పొలమును కౌలుకు దున్నినవాని సంగతి ఏమి? అందు కలుపు తీసి బ్రతికిన కూలి కుటుంబము సంగతి ఏమి? నాగలి చేసియిచ్చిన వడ్రంగి సంగతి ఏమి? 2013 చట్టము వీరిని మరువలేదు. సేకరణకు ముందు మూడేండ్లు ఆ ప్రాంతమున పనిచేసి దానిపైననే ముఖ్యముగా బ్రతికిన కౌలుదారులు, పాలివారు, వ్యవసాయ కూలీలు, చేతిపనివారు నష్టపోవు కుటుంబములలో చేరుదురు. అట్టి కుటుంబమునకు ఉద్యోగము గాని, ఒకేమారు 5 లక్షల రూపాయలు గాని, ఇరువది యేండ్లు నెలకు 2,000 రూపాయలకు తగ్గని భృతి గాని ఈయవలెనని రెండవ షెడ్యూలు చెప్పుచున్నది.

అయితే భూయజమానికి పాసు పుస్తకమున్నది. కూలివానికి ఏ పుస్తకము కలదు? కౌలు ఒప్పందము చాలచోట్ల నోటిమాటయే. మూడేండ్లు ఇచ్చటనే బ్రతికెనని సాక్ష్యము చెప్పగలిగినది ఊరే. ఉపాధి హామీ పత్రము, రేషను కార్డు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టము క్రింద ఇచ్చిన పంట సాగుదారు హక్కు పత్రము వంటివి ఆధారములుగా ఉపకరింపవచ్చును. వానిని వెదకి కూర్చి అధికారి ముందుంచువారు లేనిచో ఆ కుటుంబము జాబితాకు ఎక్కదు. భూమి గలవారు కార్యాలయములకు తిరుగగలరు. లేనివారికి పంచాయతీయే దిక్కు.

ముందుగా చేయదగిన పనులు

నోటీసు వచ్చిన తరువాత పరుగులెత్తుటకంటె, తీరికగా నున్నపుడే ఈ పనులు చేసికొనుట మేలు.

1. మరణించినవారి పేరనే నిలిచియున్న పట్టాలను గుర్తించి, వారసుల పేరులకు మార్పించుకొనునట్లు చూడవలెను. అడంగలు లేక పహాణీ నకళ్లను సరిచూచుకొనుమని రైతులకు చెప్పవలెను.

2. బావులు, బోర్లు, పండ్ల తోటలు రికార్డులో ఎక్కినవో లేదో చూడవలెను. విలువ కట్టువారు వచ్చినపుడు యజమానితోపాటు ఒక సభ్యుడు కూడ వెంట నుండి, వ్రాసికొన్నదానిని పరికింపవలెను.

3. కౌలుదారులు, కూలీలు, చేతిపనివారి జాబితాను వార్డులవారీగా వ్రాసి గ్రామసభలో చదివి వినిపించి తీర్మానముగా నమోదు చేయవలెను.

4. ప్రతి ప్రకటన చేరిన తేదీని రిజిస్టరులో వ్రాసి, ఆక్షేపణ గడువు ముగియు తేదీని పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించవలెను.

5. పరిహారము చెల్లించు తేదీలను కనిపెట్టియుండవలెను. అవార్డు అయిన మూడు నెలలలో పరిహారమును, ఆరు నెలలలో పునరావాసపు సొమ్మును చెల్లించిన పిమ్మటనే స్వాధీనము చేసికొనవలెనన్నది చట్టములోని సాధారణ నియమము.

ఇవి చేయుట అభివృద్ధికి అడ్డు నిలుచుట కాదు. రికార్డులు సరిగా నున్న ఊరిలో, జాబితా ముందే సిద్ధమైన ఊరిలో, తగవులు తక్కువై రోడ్డును కాలువయు త్వరగా పూర్తియగును. మంచి అధికారికి ఇట్టి పంచాయతీ చేదోడగును; తొందరపడు అధికారికి హెచ్చరిక యగును.

లాస్ ఏంజెలిస్‌లో సంఘము పెట్టినవారు తమ పని తాము నేర్చుకొనదలచి కూడిరి. మన గ్రామసభలు కూడ ఏటేట ఒక్క దినమైనను భూమి రికార్డులకై కూడి కూర్చుండవలెనని మా మనవి. ఆ దినమున జాబితాలో చేరిన కూలివాని పేరు, రేపు వాని బిడ్డలకు గూడు కావచ్చును.