దుబాయిలో మనుమలు, కోరుట్ల మాట

ప్రశ్న: మా కొడుకు కుటుంబం దుబాయిలో ఉంటోంది. ఏటా బతుకమ్మ ఆడతారు గానీ మనుమలకు తెలుగు రాదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కోరుట్ల

జవాబు: అమ్మా, పండుగ ఏడాదికోసారి వస్తుంది, భాష రోజూ వాడితేనే నిలుస్తుంది. సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి మగ్గాల పనికి భివండీ, షోలాపూర్ వెళ్లిన పద్మశాలీలనే చూడండి. తరాలు మారినా వాళ్లలో తెలుగు బతికి ఉందంటే అభిమానం ఒక్కటే కారణం కాదు. ఒకే వాడలో ఇళ్లు, మార్కండేయ గుడి, సొంతూరితో పెళ్లి సంబంధాలు కలిసి తెలుగు మాట్లాడక తప్పని అవసరాన్ని నిలిపాయి. దుబాయి ఫ్లాట్‌లో ఆ వాడ ఉండదు కనుక ఆ అవసరాన్ని మనమే కల్పించాలి. మలయాళీలు ఈ సంగతి ముందే గుర్తించారు: కేరళ ప్రభుత్వం 2009లో మలయాళం మిషన్ పెట్టి ప్రవాసుల పిల్లలకు భాష నేర్పిస్తోంది. మనకు 2007లో అమెరికాలో మొదలైన సిలికానాంధ్ర మనబడి తెలుగు తరగతులు ఉన్నాయి.

అక్కడి చదువులకు తెలుగెందుకని కొందరంటారు. కానీ గల్ఫ్‌లో చాలామందికి కొలువున్నంతకాలమే వీసా. తిరిగొచ్చిన రోజున పిల్లలు సొంతూర్లో పరాయివాళ్లు కాకూడదు. పుస్తకాల తెలుగు వేరు, మన మాట వేరన్నదీ నిజమే. అందుకే రాత తరగతిలో నేర్వనీయండి, మాట మీరు నేర్పండి. వీడియో కాల్‌లో వాళ్లతో మీరే తెలుగులో మాట్లాడండి. మధ్యలో కొడుకునూ కోడలినీ తర్జుమా చేయనీయకండి.