విదేశంలో హత్య: కేసు ఎక్కడ నడుస్తుంది?

సందేహం: మా తమ్ముడు అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ స్టోర్‌లో పనిచేసేవాడు. దోపిడీకి వచ్చిన అక్కడివాళ్లు కాల్చి చంపారు. వాళ్లపై మన దగ్గర కేసు పెట్టి శిక్ష వేయించవచ్చా?
- ఒక అన్నయ్య, ఖమ్మం

సమాధానం: మీ ఇంటి దుఃఖం మాటలతో తీరేది కాదు. అయినా ఉన్నమాట చెప్పాలి. ఇలాంటి కేసులో విదేశీయుల్ని విచారించే అధికారం మన కోర్టులకు లేదు. భారతీయ న్యాయ సంహిత సరిహద్దు దాటి వెంటాడేది ముఖ్యంగా నేరం చేసిన భారతీయుణ్ణే. చనిపోయినవాడు భారతీయుడైతే చాలదు. ఉగ్రవాదం వంటి నేరాలు వేరు. జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, విదేశంలో మన పౌరులపై జరిగిన అలాంటి నేరాలను ఎన్‌ఐఏ దర్యాప్తు చేయవచ్చు.

అలాగని న్యాయం దొరకదనుకోకండి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేథ్‌లోని బార్‌లో మన హైదరాబాద్ ఇంజినీరును జాతి ద్వేషంతో కాల్చి చంపినవాడికి 2018లో రాష్ట్ర కోర్టూ ఫెడరల్ కోర్టూ రెండూ యావజ్జీవ ఖైదు వేశాయి.

అక్కడ హత్య కేసు నడిపేది ప్రభుత్వ ప్రాసిక్యూటరే. ముందు పోలీసు కేసు నంబరు సంపాదించండి. ప్రాసిక్యూటర్ ఆఫీసులో బాధిత కుటుంబాలకు సాయపడే సిబ్బంది ఉంటారు. మీ ఫోన్, ఈమెయిల్ వాళ్లకిచ్చి ప్రతి వాయిదా తెలపమనండి. నేరం రుజువైతే, శిక్ష ఖరారు చేసే ముందు తమ్ముడు లేని ఇల్లు ఎలా ఉందో జడ్జికి రాసి పంపవచ్చు. ఆ అవకాశం వదులుకోకండి.

సందేహం: నిందితుడూ మన దేశస్థుడే. అమెరికాలో హత్య చేసి ఇండియాకు వచ్చేస్తే?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: రెండు దారులున్నాయి. ఒకటి, 1997 నాటి ఒప్పందం కింద అమెరికాకు అప్పగించడం. రెండోది, ఇక్కడే విచారించడం. దీనికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 208వ సెక్షన్ ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. అనుమతి లేదంటూ ఠాణాలో ఫిర్యాదు తీసుకోకపోతే ఊరుకోవద్దు. బోట్స్వానాలో భర్త వేధించాడన్న ఆంధ్రప్రదేశ్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది: ట్రయల్ మొదలవడానికే అనుమతి అవసరం, అంతకుముందు దశలకు కాదు.

ఏళ్లు గడిచాయని నిరాశపడొద్దు. 2017 మార్చిలో న్యూజెర్సీ మేపుల్ షేడ్‌లో ఒక తెలుగు తల్లి, ఆమె చిన్న కొడుకు హత్యకు గురయ్యారు. అక్కడ దొరికిన రక్తపు చుక్క, అనుమానితుడి ఆఫీసు ల్యాప్‌టాప్ మీది డీఎన్‌ఏ సరిపోలడంతో 2025 నవంబర్‌లో ఇండియాలో ఉన్న వ్యక్తిపై ప్రాసిక్యూటర్లు హత్యాభియోగం మోపారు. అది కోర్టులో రుజువు కావాల్సే ఉంది. కానీ ఎనిమిదేళ్లపాటు ఆ ఫైలు మూతపడలేదు. మీ ఫైలూ మూతపడకుండా అడుగుతూనే ఉండండి.