నీటిరంగుల పాఠము

హోసూరు ప్రాంతమున గులాబీతోటలు విస్తారము. కావున మా చిత్రలేఖన తరగతివారము, విద్యార్థులమును తలిదండ్రులమును గూడి, ఈ మాసము గులాబీకొమ్మనే చిత్రించితిమి. చిత్రములన్నిటిని వరుసగా గోడకు తగిలించి పరిశీలించితిమి.

నీటిరంగులలో మెత్తని రంగుపొడియు, దానిని కాగితమునకు పట్టించు తుమ్మజాతి చెట్ల బంకయు ఉండును. ఇందు తెలుపనగా కాగితపు తెలుపే. కావున లేతరంగు ముందును, ముదురురంగు తరువాతను వేయవలెను. మంచుబిందువు మెరయుచోట రంగు పూయక విడువవలెను. ఒకసారి కప్పిన తెలుపు పూర్తిగా తిరిగి రాదు. ఆరిన పిదప రంగు లేతబారును గనుక కొంచెము చిక్కగా వేయుట మేలు.

మా చిత్రములలో ఆకులన్నియు ఒకే పచ్చగా నుండెను. పూలసాగు చేయు ఒక తల్లి వానిని చూచి, “చిగురు ఎఱుపు, లేతాకు చిలుకపచ్చ, ముదురాకు నలుపు తిరిగిన పచ్చ గదా!” అనెను. మరుసటి వారపు చిత్రములలో ఆ మూడు వన్నెలును కనబడెను.

రాజమహేంద్రవరపు చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) తన స్వల్పజీవితములో తెలుగువారి జీవనమును చిత్రించి కీర్తి గాంచెను. చుట్టునున్నదానిని చూచుటయే చిత్రకళకు మొదటి మెట్టు.

విద్యార్థులారా! ఇంటి పెద్దలను అడిగి రంగుల పేర్లు వ్రాసికొనుడు. అంగడిలో ఇతర భాషలు వినబడు మన ఊళ్లలో, ఇంట పలుకనిచో ఆ పేర్లు మరుగుపడును.