ఎదుగు బిడ్డల వెన్నెముక

సేద్యపు పత్రికయందు బిడ్డల నడుమును గూర్చి వ్రాయుటేల యని సంఘసభ్యులు కొందరు అడుగవచ్చును. రెండు పండ్లైనను వేయని కోడెను కాడికి కట్టరాదని యెరుగని రైతు మన సీమలో లేడు. అట్టి రైతు ఇంటనే పదేండ్ల బాలిక పదునైదు లీటర్ల బిందెను నడుమునకెత్తి దినమునకు నాలుగు మారులు బోరింగునకు నడుచుచుండును. కోడెయెడ చూపిన వివేకము కూతునియెడ చూపవలదా?

శిశువు పుట్టినప్పుడు వెన్నెముక ఒక్కటే వంపు గలిగి విల్లువలె నుండును. బిడ్డ తల నిలుపునప్పుడు మెడయొద్ద లోవంపును, కూర్చుండి నడక నేర్చునప్పుడు నడుమునొద్ద లోవంపును బలపడును. ఈ వంపులు దోషములు గావు. బండికి కమానులెట్లో దేహమునకు ఇవి అట్లు. ఎదుగు ఎముకల కొనలయందు మృదువైన భాగముండును. పొడవు పెరుగుట అచ్చటనే జరుగును. ఆడపిల్లలు సుమారు 10 మొదలు 13 ఏండ్ల వరకును, మగపిల్లలు 12 మొదలు 15 ఏండ్ల వరకును అతివేగముగా పెరుగుదురు. నడుమును గూర్చి మిక్కిలి జాగ్రత్త పడవలసిన కాలమిదియే.

బరువుల మాట మొదట చూతము. పుస్తకముల సంచి బిడ్డ బరువులో పదియవవంతునకు మించరాదని 2020 సంవత్సరమున కేంద్రప్రభుత్వము ప్రకటించిన విధానము చెప్పుచున్నది. ముప్పది కిలోల పిల్లకు మూడు కిలోలన్నమాట. పైన చెప్పిన బిందెడు నీరు పదునైదు కిలోలు, అనగా పిల్ల బరువులో సగము! సంచికి చెప్పిన లెక్క బిందెకు అక్షరాల వర్తింపదు గాని, సగమునకును పదియవవంతునకును గల అంతరము మీరే చూడుడు. బిందె కెత్తిన పిల్ల ఒక ప్రక్కకు ఒరిగియే నడువవలెను. చిన్నపాత్రలు రెండు చేతుల కిచ్చినచో బరువు ఇరువైపుల సమమగును. గడ్డిమోపును, ఎరువుగంపను పెద్దలే మోయవలెను. చంటిబిడ్డను అక్కచంకను దినమంతయు వదలిపోవుట కూడ మంచిది కాదు. సంచి బరువువలననే వెన్ను శాశ్వతముగా వంకరపోవునని కొందరు భయపెట్టుదురు. ఆ మాటకు ఆధారము లేదు. నొప్పియు, అలసటయు మాత్రము నిజమే.

ఇక కూర్చుండు తీరు. "నిటారుగా కూర్చుండుము" అని గద్దించినచో బిడ్డ రెండు నిమిషములు కూర్చుండును, మూడవ నిమిషమున వంగును. గద్దింపుకన్న పుస్తకమును పైకెత్తుట మేలు. నేలపై గ్రంథముంచి వంగి చదువువానికి పీటయో, బోర్లించిన చెక్కపెట్టెయో ముందుంచుడు. (పురుగుమందు వచ్చిన పెట్టె మాత్రము వలదు.) సెల్‌ఫోను ఒడిలో పెట్టుకొని తల వ్రేలవేయుటకును ఇదియే మందు. ఎంత మంచి కూర్పైనను గంటలకొలది కదలకున్న చెడ్డదే. అరగంట కొకమారు లేచి తిరుగనిండు. దినమునకు ఒక గంటయైనను చెడుగుడో, పరుగో, పెద్దల కావలిలో ఈతయో వెన్నును పట్టియుంచు కండరములను గట్టిపరచును.

ఆహారమును, నీటిని మరువరాదు. నూరు గ్రాముల రాగులలో సున్నపుధాతువు సుమారు 350 మిల్లీగ్రాములుండగా, తెల్లబియ్యమున అది పదికి లోపే. మనము రాగిచేను విడిచి వరివెంట బడితిమి. బిడ్డ కంచమునకైనను కొంత చేను మిగిల్చినచో బాగుండును. ఎండయు ఎముకకు ఆహారమే. కొన్ని సీమలలో నీరే శత్రువు. నెల్లూరు ప్రాంతమున ఫ్లోరైడు నీటివలన ఎముకలు బిగిసిపోవు వ్యాధిని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ సీమ ఆ బాధను తరములుగా ననుభవించినది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగరాదు. కాచినందువలన ఫ్లోరైడు పోదు. కొత్తబోరు వేసినవారు త్రాగుటకు ముందు నీటిని పరీక్ష చేయింపుడు.

పది దాటిన బిడ్డను ఆరు మాసముల కొకమారు ఇట్లు చూడుడు: చొక్కా విప్పి, పాదములు చేర్చి, అరచేతులు కలిపి ముందునకు వంగనిచ్చి, వెనుకనుండి పరికింపుడు. ఆడపిల్లను తల్లి చూచునది. వీపున ఒక ప్రక్క రెండవదానికన్న ఎత్తుగా లేచినచో వెన్ను ప్రక్కకు తిరుగుచున్నదేమో యని అనుమానింపవలెను. ఇది కూర్చుండు తీరువలన వచ్చునది కాదు. కావున బిడ్డను తిట్టకుడు. నులిమి సరిచేయుదు ననువారియొద్దకును పోకుడు. ఎదుగుదల ముగియక మునుపే ఎముకల వైద్యునకు చూపినచో, పెరుగు వంపును నడుముకట్టుతో పెక్కుమారులు ఆపవచ్చును. రాత్రి నిద్రనుండి లేపు వెన్నునొప్పియు, నొప్పితో జ్వరమో, చిక్కిపోవుటయో, కాళ్లు బలము తప్పుటయో, మూత్రము పట్టు తప్పుటయో కనబడినచో కోతలు ముగియనిమ్మని ఆగక ఆనాడే పెద్దాసుపత్రికి తీసికొని పొండు.