పరీక్షకు అంతుచిక్కనిదే తొలి హెచ్చరిక

2009 ఏప్రిల్‌లో దక్షిణ కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల నమూనాలు ఇన్‌ఫ్లూయెంజా-ఎ పాజిటివ్‌గా వచ్చాయి. అయితే మనుషుల్లో తిరిగే హెచ్1, హెచ్3 ఉపరకాల్లో దేనికీ సరిపోలలేదు. అందులో ఒకటి, ఇంకా అధ్యయన దశలోనే ఉన్న పరికరం పట్టిచ్చిన కేసు. పిల్లలిద్దరికీ పరస్పర సంబంధం లేదు, పందుల దగ్గరికి వెళ్లిన దాఖలా లేదు. ఆ నమూనాల్లో కొత్త స్వైన్ ఫ్లూ వైరస్‌ను అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ గుర్తించింది. జూన్ 11న డబ్ల్యూహెచ్‌వో దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. 2021 నవంబరులో దక్షిణాఫ్రికాలోనూ అంతే: ఆర్‌టీ-పీసీఆర్‌లో మిగతా జన్యువులు కనిపించి ఎస్-జన్యువు మాత్రం కనిపించని నమూనాలు పెరగడం కోవిడ్ కొత్త రకం ఒమిక్రాన్ వ్యాప్తికి ఆనవాలైంది. కాబట్టి వ్యాప్తిని పసిగట్టడంలో పాజిటివ్‌ల లెక్క కన్నా, లెక్కలో ఇమడని ఫలితమే విలువైనది.

మామూలు జ్వరానికి చికిత్స ఎలాగూ ఒకటే, ఇన్ని పరీక్షలెందుకన్న అభ్యంతరం ఉంది. ఒక్క రోగి వరకు అది చాలాసార్లు నిజమే. కానీ వ్యాధి నిఘా రోగి కోసం కాదు, ఊరి కోసం. పరీక్షలు పెంచితే కేసులూ పెరుగుతాయన్న వాదన ఇంకాస్త గట్టిది. అందుకే చేసిన పరీక్షల్లో పాజిటివ్‌ల శాతాన్ని చూస్తారు. అయితే ఎవరిని పరీక్షిస్తున్నారన్నది మారితే ఆ శాతమూ మారిపోతుంది. ఇక చవకైన ర్యాపిడ్ కిట్లు చాలావరకు ఉపరకం చెప్పవు. కాలిఫోర్నియాలో వాటితోనే సరిపెట్టుకుని ఉంటే ఫలితం ‘ఇన్‌ఫ్లూయెంజా-ఎ’ దగ్గరే ఆగిపోయేది.