విదేశమున విద్యాకైంకర్యము

అధ్యాపనమును బ్రహ్మయజ్ఞమని మనుస్మృతి పేర్కొన్నది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి సత్యము, తపస్సు, దమము, అతిథిసత్కారము మొదలగు ప్రతి ధర్మముతోడను స్వాధ్యాయ ప్రవచనములను జోడించి విధించినది. ఇతర విధులెన్ని యున్నను చదువుట, చదివించుట మానరాదని దీని భావము.

నేడు ఈ కైంకర్యమునకు సముద్రముల కావల గూడ అవకాశము కలిగినది. 1843లో కోరంగి రేవునుండి ఓడనెక్కి మారిషస్ చేరిన తెలుగువారి సంతతి అచట రామభజనలను నిలుపుకొన్నది. ఉగాది ఆ దేశమున ప్రభుత్వ సెలవుదినము. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగర సమీపమున 1977లో శ్రీ వేంకటేశ్వరస్వామివారి ప్రతిష్ఠ జరిగినది. 2007లో ఆరంభమైన సిలికానాంధ్ర మనబడిలో స్వచ్ఛంద సేవకులు తెలుగు నేర్పుచున్నారు.

ఇట్టి చోట్లకు సేవకై వెళ్లిన ఉపాధ్యాయునకు ఒక ధర్మసందేహము తప్పదు. విష్ణుసహస్రనామ పారాయణము నేర్పవచ్చిన వానిని "అయ్యా, పిల్లలకు అక్షరములు గూడ దిద్దింపుడు" అని ఒకరు, "పెద్దలకు గీత చెప్పుడు" అని మరియొకరు అర్థింతురు. కాదనిన నేర్చుకొనగోరినవారు నిరాశ చెందుదురు. ఔననిన తన అనుష్ఠానము, ఆరోగ్యము, మొదట ఒప్పుకొన్న పాఠము దెబ్బతినును. ఏమి చేయవలెను?

తిరుమలనంబి చరిత్ర ఇందుకు దారి చూపును. ఆయన స్వామికి తీర్థకైంకర్యము చేయువారు. మేనల్లుడైన భగవద్రామానుజులకు ఒక సంవత్సరకాలము కొండ దిగువన శ్రీరామాయణార్థములను ఉపదేశించిరి. పాఠము వలన మధ్యాహ్న సేవకు అందలేకపోవుచున్నానని వారు పరితపింపగా, స్వామియే అలిపిరిలో తమ పాదములను దర్శింపజేసిరని సంప్రదాయ కథనము. ఇందు గ్రహింపదగినవి మూడు. శిష్యుని ఆర్తి నిజమైనది. పాఠమునకు హద్దు కలదు: ఒక గ్రంథము, ఒక సంవత్సరము. గురువు తన తొలి కైంకర్యమును తేలికగా తలపలేదు. దాని లోపమునకు నొచ్చుకొనిరి.

కావున అదనపు పాఠమును అంగీకరించుటకు ముందు ఈ మూటిని విచారింపవలెను. అడుగువారికి నేర్చుకొను తపన కలదా? పాఠము ఎప్పటికి ముగియును? నా మొదటి విధికి కలుగు లోటును ఎవరు పూరింతురు? తనకల్లు మెట్టసీమలో రైతు బావిలోని నీటిని చూచి మడి కట్టును. ఆశకొలది మళ్లు పెంచినచో ఉన్న పైరును ఎండును.

మోయలేని భారమును వినయముతో వలదనుట దోషము కాదు. అయితే భారమును పంచుకొనువారిని సిద్ధపరచకుండుట లోపమే. భగవద్రామానుజులంతటివారే సంప్రదాయ రక్షణకై 74 మంది సింహాసనాధిపతులను నియమించిరి. తనకల్లు ప్రాంతీయులు చూచియుండు గూటిబయలు తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. సుమారు ఐదెకరములు వ్యాపించిన ఆ వృక్షము ఒక్క మొదలుపై నిలువలేదు. కొమ్మలు దింపిన ఊడలే నేలలో నాటుకొని స్తంభములై దానిని మోయుచున్నవి. అట్లే నూరు నామములు వచ్చిన బాలునిచే పది నామములు రాని చిన్నవానికి చెప్పింపవలెను.

గృహస్థులకు గూడ ఇందు పాలు కలదు. పండితుడు వచ్చెను గదా యని ఊరకుండక, తల్లిదండ్రులు తామును పాఠమున కూర్చుండి, రాత్రి ఇంట పిల్లలచే వల్లె వేయింపవలెను. అప్పుడు గురువు స్వదేశమునకు మరలిన పిదప గూడ ఆ పాఠము నిలుచును.