ఫుట్‌బాల్ ఆటయందు బంతిని అడ్డుకొను విద్య

గోలు చేసిన బాలుని పేరు మరునాటికి పాఠశాల అంతయు ఎరుగును. గోలు పడకుండ ఆపినవాని పేరు ఆటస్థలము దాటి రాదు. మన విద్యార్థులలో పెక్కుమంది ముందువరుసలోనే ఆడగోరుటకు ఇదియే కారణమని నా అభిప్రాయము.

మన బెంగుళూరు చరిత్రయే చూడుడు. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో ఫ్రాన్సుపై భారతజట్టు చేసిన ఏకైక గోలు ఈ నగరవాసియగు సారంగపాణి రామన్‌ది. 1952లో హెల్సింకీయందు యుగోస్లావియాపై మనకు లభించిన ఒక్క గోలు ఈ ఊరివాడేయగు అహమ్మద్ ఖాన్‌ది. ఈ రెంటిని గర్వముతో చెప్పుకొందుము. కాని మొదటి ఆటను 2–1తోను, రెండవదానిని 10–1తోను ఓడితిమి. ఆ పది గోలుల సంగతి ఎవరును ముచ్చటింపరు! అప్పటి మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. వట్టికాలు బంతిని లాలించుటకు అనువైనదే. ఎదుటివాని బూటు తగులునపుడు మాత్రము వెనుదీయును. హెల్సింకీ అనుభవము పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను.

ఇక విషయమునకు వత్తము. ప్రత్యర్థి బంతితో వచ్చుచుండగా ఎదురేగి కాలు చాచుట క్రొత్తవారు చేయు తప్పు. వేగముగా సమీపించి, బారెడు దూరమున అడుగు తగ్గించవలెను. మోకాళ్లు కొంచెము వంచి, ఒక ప్రక్కకు తిరిగి నిలువవలెను. అప్పుడే ఎటువైపునకైనను మరలుటకు వీలగును. చూపు బంతిమీదనే యుండవలెను. వాని భుజములు, నడుము చెప్పు అబద్ధములను నమ్మరాదు. వానిని మైదానపు అంచువైపునకు మళ్లించినచో సగము పని అయినట్లే. బంతి వాని పాదమును విడిచి కొంచెము ముందుకు పోయిన క్షణమే టాక్లింగునకు తగిన సమయము.

అప్పుడు ఒక కాలిని బంతి ప్రక్కన మోపి, రెండవకాలి చీలమండ బిగించి, పాదపు లోపలిభాగముతో బంతి నడుమను గట్టిగా తాకి, శరీరభారమును దానిపై నుంచవలెను. సంశయించుచు చాచిన కాలికే దెబ్బ తగులును. ఎన్నియో మోకాళ్లను చూచి చెప్పుచున్న మాట యిది. నేలపై జారుచు బంతిని తన్నుట చూచుటకు ముచ్చటగానే యుండును. గురి తప్పినచో పడియున్నవాడు జట్టునకు లేనివానితో సమానము. వేసవిలో మన గట్టినేలపై మోకాలి చర్మము కూడ మిగులదు. అజాగ్రత్తతో ఎదుటివానిని పడవేసిన ఫ్రీకిక్కు, పెనాల్టీ ప్రదేశమున నైనచో పెనాల్టీ కిక్కు, మితిమీరిన బలము చూపిన ఎర్రకార్డు తప్పవు.

హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు స్వయముగా ఉపాధ్యాయులు. వారి శిక్షణలో భారతజట్టు 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణకొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలిచెను. రక్షకులలో మేటియైన జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే గాయమైనందున రహీంగారు ఆయనను ముందువరుసకు పంపిరి. ఆయన గోలు చేసెను. వెనుక నిలిచి కొరియావారిని ఆపిన అరుణ్ ఘోష్, చంద్రశేఖర్‌ల పేర్లు మీలో ఎందరికి తెలియును?

అభ్యాసమునకు ఇద్దరు చాలును. బంతిని నడుమ నుంచి, చెరియొక అడుగు దూరమున నిలిచి, మూడు లెక్కించి ఒకేసారి పాదపు లోపలిభాగముతో తాకుడు. మొదటి వారము నడకతోనే చేయుడు, పిమ్మట పరుగుతో. కుడికాలితో ఎన్నిమారులు చేసితిరో ఎడమకాలితోను అన్నిమారులు చేయుడు.